చివరి గదికి పోసిన నీళ్లు

షెడ్డులో కోళ్లను చూసుకునేది అత్తాకోడళ్లిద్దరే. "కోళ్ల మీదున్న ప్రేమలో సగం ఈ కోడలి మీదుంటే నేనెప్పుడో లావెక్కేదాన్ని" అని కోడలు ఆటపట్టిస్తే, అత్త ముసిముసిగా నవ్వేది.

ఆ ఉదయం కోడిపిల్లలకు, కోళ్లకొచ్చే టైఫాయిడ్ రాకుండా టీకా వేయాలి. బతికున్న సూక్ష్మజీవులే ఆ మందు. బ్లీచింగ్ కలవని నీళ్లలో కరిగించి తాగించాలి. పిల్లలు ఆబగా తాగాలంటే ముందు కాసేపు వాటిని దాహంతో ఉంచాలి. కోడలు నీళ్ల తొట్లన్నీ పైకి కట్టేసి, టీకా తేవడానికి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

ఎండ ముదిరింది. ఖాళీ తొట్ల కింద మూగి పిల్లలు నోళ్లు తెరిచి అరవసాగాయి. అత్త చెవులు మూసుకుంది. బయటికి వెళ్లి నిలబడింది. ప్రాణం ఊరుకోక, షెడ్డు చివరి గదిలోని బక్క పిల్లలకు మాత్రం కుళాయి నీళ్లు పళ్లెంలో పోసి, కోడలు వచ్చేలోగా పళ్లెం కడిగి బోర్లించింది. కడుపు నిండిన ఆ పిల్లలు టీకా నీళ్ల వంక చూడనైనా లేదు. హడావిడిలో కోడలు అది గమనించలేదు.

వానలతోపాటు జబ్బు వచ్చింది. మిగతా షెడ్డంతా తట్టుకుంది. చివరి గదిలో మాత్రం కోళ్లు తురాయిలు పాలిపోయి, రెక్కలు వాల్చి, ఒక్కొక్కటే రాలిపోయాయి.

"ఈ గదికే ఎందుకు పట్టింది? ఆ రోజు ఇవి టీకా నీళ్లు తాగాయా?" అన్నాడు డాక్టరు.

గుమ్మంలో ఉన్న అత్త ముందుకు వచ్చింది. "తాగలేదు బాబూ. గొంతెండి అరుస్తుంటే చూడలేక, ముందే మామూలు నీళ్లు పోశాను."

కోడలికి ఒళ్లు మండింది. అత్త మొహం చూశాక, చచ్చిన కోళ్లను ఏరి బయట పెట్టసాగింది. డాక్టరు వెళ్లాక, "మీరేం కావాలని చేశారా అత్తయ్యా" అంది.

"కావాలనే పోశానే తల్లీ. జాలిపడే పోశాను."

ఇద్దరూ కలిసే గొయ్యి తీసి వాటిని పూడ్చారు.

కొత్త పిల్లలు వచ్చినప్పుడు, ఒక్కోదాని నోట్లో టీకా చుక్క వేసే పద్ధతిని కోడలు డాక్టరు దగ్గర నేర్చుకుంది. చాకిరీ ఎక్కువే. అయినా పిల్లల గంపతో, షెడ్డుకు రావడం మానేసిన అత్త గదికి వచ్చింది.

"దీనికి దాహంతో ఉంచక్కర్లేదు అత్తయ్యా. మీరు పట్టుకోండి, నేను చుక్క వేస్తాను."

అత్త ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుంది. అది ఆమె వేలిని పొడిచింది.

"నావల్ల కాదమ్మా" అని పిల్లను గంపలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో చుక్క వేస్తూ, కోడలు ఒక్కతే పొద్దుగూకే దాకా ఆ పని చేసింది.

ఆ విడత పిల్లలు నిలబడ్డాయి. ఆ మాట చెబితే అత్త "మంచిదమ్మా" అంది. చూడ్డానికి మాత్రం రాలేదు.