ఎవరికీ కనబడని ఫెయిలు

మీరే, మీ ముగ్గురే చేశారు ఇదంతా, బాస్కెట్‌బాల్ కోర్టు కంచెకి నా మొహం వేలాడదీసిన పేట పెద్ద హెర్మో, నాకు పట్టా వచ్చేసినట్టే ఊరంతా తిరిగి చాటిన మా పిన్ని పాసింగ్, ఏసీ గదిలో కూచుని ఇక్కడి అకౌంటెంట్ల బోర్డు పరీక్ష ఈ దీవులకే పనికొస్తుంది తల్లీ, లండన్ పట్టా అయితే ఏ దేశమైనా పిలిచి కుర్చీ వేస్తుంది అన్న ఆ కోచింగ్ సెంటర్ నవ్వులావిడ, సిగ్గుందా మీకు అని లుదివినా లోలోపలే తిడుతోంది, ఇంతలో వాళ్ళెక్కిన జీప్నీ బండి కోర్టు పక్కన మలుపు తిరిగింది, అదిగో మళ్ళీ ఆ బ్యానరు, మా పేట తొలి అంతర్జాతీయ అకౌంటెంటుకి జేజేలు, తన ఫోటో నిమ్మకాయంత, హెర్మో ఫోటో గుమ్మడికాయంత, ఎన్నికలు దగ్గరపడ్డాయి మరి, పదమూడు పేపర్లలో నేను గట్టెక్కింది మూడేనండీ అని ఒక్కమాట అని ఉంటే ఆ రోజే దింపేసేవాళ్ళు, కానీ పిన్ని అప్పటికే పందిని నిలువునా కాల్పించింది, పేటంతా మూతులు తుడుచుకుంటూ దీవిస్తుంటే ఏమని చెప్తుంది, పక్కన కూచున్న చోనా మోచేత్తో పొడిచి, అక్కోయ్, నీ ఫోటోకి ఎవరో మీసాలు పెట్టారే, పెట్టనీ, ఆ మీసాలతోనన్నా నన్ను ఎవరూ గుర్తుపట్టరు, చోనా పకపకా నవ్వింది, ఆ నవ్వు చెంపమీద కొట్టినట్టుంది.

చోనా చేపలమ్మే ఇంటి పిల్ల, ఇరవై రెండేళ్ళు, నమూనా పరీక్షల్లో ఇలోయిలో నగరం మొత్తానికి మూడోది, దీనికి సొంత లెక్క ఒకటుండేది, ముందు ఇక్కడి బోర్డు పాసవ్వాలి, రెండేళ్ళు ఆడిటులో చాకిరీ చెయ్యాలి, ఏ దేశం వెళ్ళేదీ తేలాక ఆ దేశంలో చెల్లే పట్టా పట్టాలి, ఎంత శుభ్రమైన లెక్క, ఈ అక్క బ్యానరు చూసి చెరిపేసుకుంది, బోర్డుకి దరఖాస్తు ఇవ్వడానికి ఇవాళే ఆఖరు, నింపిన కాగితం దాని సంచిలోనే ఉంది, అయినా పోతున్నది ఆ కోచింగ్ సెంటర్లో చేరడానికి, నువ్వు తోడురా అక్కా, నిన్ను చూస్తే అక్కడి ఆవిడ నన్ను బాగా చూసుకుంటుంది అంది, తను వచ్చింది, సిగ్గులేకుండా జుట్టు దువ్వుకుని వచ్చింది, అక్కా నిజం చెప్పు, లండన్‌ది కష్టమా, కష్టమేముందే, ఒక్కో పేపరూ రాసుకుంటూ పోవడమే, అబ్బ, ఈ నోటికి పురుగులు పట్ట, నాలుగో పేపరు నాలుగుసార్లు తప్పిన నోరే కదా ఇది, మరి సింగపూర్ ఉద్యోగానికి ఎప్పుడెళ్తావు, మా అమ్మ రోజూ అడుగుతోంది, వీసా రావాలే, వీసా, రెండేళ్ళుగా పిన్ని మందుల షాపులో తను దగ్గు మందు అమ్ముతూ చెప్తున్న వీసా.

పట్టాది తప్పు కాదు, సింగపూర్‌లో దాన్ని కళ్ళకద్దుకుంటారు, నడిచేవాళ్ళకి అది రాచబాటే, తను మాత్రం దాన్ని దుప్పటిలా కప్పుకుంది, ఎందుకు, ఎదురింటి రోదెల్‌కి జరిగింది చూసి, బోర్డు ఫలితాల రోజు వీధి వీధంతా ఫోన్లు పట్టుకుని పేర్ల జాబితా వెతికింది, వాడి పేరు లేదు, వాళ్ళమ్మ మూడుసార్లు పైకి చదివి అచ్చుతప్పేమోనమ్మా అంది, వాడు నెలపాటు రొట్టెల కొట్టుకి కూడా రాలేదు, ఆ వారమే తను సెంటర్ మెట్లెక్కింది, నవ్వులావిడ దేశాల పేర్లు గడగడా చదువుతోంది, తన చెవికెక్కింది ఒక్కటే, మా ఫలితాలు ఎక్కడా వెయ్యరు తల్లీ, నీ ఈమెయిలుకి మాత్రమే వస్తాయి, అంతే, సంతకం పెట్టేసింది, ఎవరు మోసం చేశారు నిన్ను, హెర్మోనా, పిన్నా, ఆవిడా, వాళ్ళు అరిచారు, నువ్వు ఊరుకున్నావు, నువ్వు దేశాన్ని ఎంచుకోలేదే, కెరీర్‌నీ ఎంచుకోలేదు, ఫెయిలైతే ఎవరికీ కనబడని పరీక్షని ఎంచుకున్నావు, ఇప్పుడు ఫెయిలవ్వని పిల్లని తెచ్చి అదే చీకట్లోకి తోస్తున్నావు.

జీప్నీ అగ్నిమాపక కేంద్రం దాటింది, వచ్చేది బోర్డు ఆఫీసు, దాని తర్వాతి స్టాపే సెంటరు, లుదివినా చెయ్యెత్తి జీప్నీ కప్పుని దబదబా బాదింది, ఆపండి, ఇక్కడే ఆపండి, అదేంటక్కా సెంటరు ఇంకా ముందుంది కదా, దిగవే, నేను పాసైంది మూడే, పదమూడులో మూడు, వీసా లేదు, సింగపూర్ లేదు, అందరూ వింటే విననీ, నోరు తెరుచుకుని చూడకు చోనా, దిగు, నీ సంచిలో కాగితం బోర్డు ఆఫీసులో ఇచ్చిరా, పాసైనా తప్పినా నీ పేరు పదిమందీ వెతికే పరీక్షే రాయి.