ఆకుపచ్చ గడిలో చుక్కలు

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒక్కో మాట రాయడానికి సూదిలో దారం ఎక్కించినంత సేపు పడుతోంది. ఇది అక్షరాలు రాకముందు మా ఇంట్లో జరిగిన సంగతే. కానీ 'నేను' అని రాయబోతే చెయ్యి సాగడం లేదు. అందుకని వీధిలో అందరూ నన్ను పిలిచే పేరే పెట్టి రాస్తున్నాను.

బొత్తాలమ్మ మొగుడు దర్జీ. అప్పటికి పదకొండేళ్ళుగా అతని చెవుల్లో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. మిషను తొక్కితే చాలు, ఆ చప్పుడులోంచి ముగ్గురు మగవాళ్ళు తిట్లు లంకించుకునేవారు. ఒక మధ్యాహ్నం వాళ్ళు చెప్పారని పెద్ద కత్తెర పట్టుకుని ఆమె వెనక నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఆమెకు తెలియదు. చొక్కాకు బొత్తాం కుట్టి, దారం కొరుకుతూ తల తిప్పితే కనబడ్డాడు. ఆ రోజు నుంచి కత్తెర ట్రంకుపెట్టెలో, తాళంచెవి ఆమె మెడలో.

ఏ మందుకూ లొంగని వాళ్ళ కోసం పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ కొత్త మందు పరీక్షిస్తోంది. దర్జీని కూడా అందులో చేర్చుకుంది. ఆరో వారం అడిగింది.

"ఏం మాస్టారూ, చెవిలోవాళ్ళు ఏమంటున్నారు?"

"సెలవు పెట్టారమ్మా."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. ఆ సాయంత్రం బొత్తాలమ్మ పెట్టె తాళం తీసింది. అతను చెయ్యి వణక్కుండా ఒక చొక్కా కత్తిరించాడు.

అయితే ఆ మందుతో ఒక గండం ఉంది. కొందరికి అది రోగాలతో పోరాడే తెల్లకణాలనే తినేస్తుందట. "జ్వరమొచ్చినా, గొంతు నొప్పి పుట్టినా వెంటనే నాకు చెప్పాలి. మందు ఆపేస్తాం" అని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది. ప్రతి సోమవారం నెత్తురు తీసి చూసేవారు. మిగతా రోజుల్లో ఇంట్లోనే జ్వరం చూసుకోవాలి. బొత్తాలమ్మకు అంకెలు రావని డాక్టరమ్మ జ్వరం కొలిచే గొట్టం మీద గోళ్ళరంగుతో గీత పెట్టి, ఒక కాగితం ఇచ్చింది. పాదరసం గీత దాటకపోతే ఆకుపచ్చ గడిలో చుక్క పెట్టాలి. దాటితే ఎర్రగడిలో.

తొమ్మిదో వారం, మంగళవారం పొద్దున పాదరసం గీత దాటింది.

"గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టుందే" అన్నాడు దర్జీ. వెంటనే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పకు. మందు ఆపేస్తే వాళ్ళొచ్చేస్తారు."

ఆ చెయ్యి కాలిపోతోంది. ఆమె కళ్ళ ముందు కత్తెర మెదిలింది. ఆకుపచ్చ గడిలోనే చుక్క పెట్టింది. బుధవారం కూడా అంతే. గురువారానికి అతను మంచినీళ్ళు కూడా మింగలేకపోయాడు. ఆమె మళ్ళీ ఆకుపచ్చ గడిలోనే పెట్టింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చింది.

"మాస్టారేరీ?"

"పడుకున్నాడమ్మా." పరదా వెనక అతను దగ్గు బిగపట్టుకున్న చప్పుడు బొత్తాలమ్మకు వినబడింది.

డాక్టరమ్మ కాగితం తీసుకుంది. "అబ్బ, ఎంత తిన్నగా ఉన్నాయి చుక్కలు! కుట్టు వేసినట్టు పెట్టారు. ఇంకో నలభై మందికి ఈ మందు మొదలుపెడుతున్నానమ్మా. మీ అందరి కాగితాలూ చూశాక ధైర్యమొచ్చింది. వాళ్ళకు నెత్తురు నెలకోసారి తీస్తే చాలేమో."

చెప్పులు వేసుకోవడానికి వంగింది. బొత్తాలమ్మ ముందు ఆ వీపు. ఆ నలభై ఇళ్ళలోనూ తనలాంటి ఆడది ఎవరో ఉంటుంది.

"గీత దాటింది డాక్టరమ్మా! మూడు రోజులైంది. మీరు మందు ఆపేస్తారని..."

డాక్టరమ్మ ఒక చెప్పుతోనే లోపలికి పరిగెత్తింది.

దర్జీని అద్దాల గదిలో పెట్టారు. ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేవన్నారు. మందు ఆపేశారు. తొమ్మిది రోజులు బొత్తాలమ్మ బయట బల్ల మీదే కూర్చుంది. ఎవరైనా తెల్లకోటు వేసుకుని వస్తుంటే చాలు, కళ్ళు మూసుకునేది. ఒకరోజు డాక్టరమ్మ వచ్చి పక్కన కూలబడింది.

"తిట్టండమ్మా" అంది బొత్తాలమ్మ.

"నన్ను నేను తిట్టుకోవడమే అవలేదు. భయపడేవాళ్ళ చేతికి ఎర్రగడి ఇచ్చి, నిజం చెప్పమన్నాను. ఇక అందరికీ వారం వారం నెత్తురు తీయాల్సిందే."

పదో రోజు జ్వరం దిగింది. బొత్తాలమ్మ మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళింది. అతను ఆమెకేసి చూడలేదు. ఆమె భుజం మీదుగా, వెనక ఉన్న ఖాళీ గోడకేసి చూస్తున్నాడు.

"ఏమయ్యా, ఎలా ఉంది?"

"సెలవులైపోయాయే" అన్నాడు మెల్లగా. "ఇంటికెళ్ళగానే కత్తెర దాచెయ్. తాళంచెవి ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు. నేనడిగినా చెప్పకు."

— బొత్తాలమ్మ, డెబ్భై ఒకటో ఏడు. పెద్దాసుపత్రి వెనక వీధిలో, మేడమెట్ల కింద గదిలో ఉంటున్నాను.