మాట తప్పిన వేలు

వేలి దెబ్బలు తిని బతికేదాన్ని నేను, ఒక క్యారమ్ స్ట్రైకర్‌ని. వందమంది అక్కచెల్లెళ్లతో ఒకే అచ్చులో పుట్టాను. అనకాపల్లి బజార్లో నన్ను ఏరి జేబులో వేసుకున్నది గవరయ్య మాస్టారు. బళ్లో ఇంగ్లీషు పాఠం చెబుతూ కూడా నన్ను తడుముకునేవారు. చూపు మందగించాక శిష్యురాలు నూకరత్నం చేతిలో పెట్టారు. జాకెట్లు కుట్టే చెయ్యి. అబ్బో, ఏం చెయ్యనుకున్నారు!

మా క్యారమ్ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. ఆడవాళ్ల పోటీలో గెలిచినావిడ దగ్గరే ఏడాది పొడుగునా ఆడవాళ్ల గది తాళంచెవి ఉంటుంది. సాయంత్రాలు పదిమంది అక్కడ చేరి నవ్వుకుంటూ ఆడుకునేది దాని చలవే. మూడేళ్లుగా అది నూకరత్నం బొడ్లోనే ఉంది. ఆ గదిలో తన టెంట్ హౌస్ కుర్చీలు పెట్టుకోవాలని సెక్రటరీ సన్యాసినాయుడి కోరిక.

ఫైనల్ ముందురోజు ఆయన కుట్టుమిషను దగ్గరికే వచ్చాడు.

"రేపు నీతో ఆడే మా మేనకోడలికే తాళంచెవి రావాలమ్మా. నువ్వు ఓడిపో. స్కూలు యూనిఫాంల కుట్టుపనంతా నీకే ఇప్పిస్తాను."

నూకరత్నం పళ్లతో దారం తెంపింది. "అలాగే బాబూ," అంది.

గూట్లో ఉన్న నా గుండె గుభేలుమంది. స్ట్రైకర్‌కి గుండేమిటంటారా? ఆ రోజు ఉంది మరి!

ఫైనల్లో మొదటి గేమ్. రెండుసార్లు కాయిన్‌ని వదిలేసి నన్నే గోతిలో పడేసింది. కావాలనే. నాకు ఏడుపొక్కటే తక్కువ. గేమ్ పోయింది, సన్యాసినాయుడు ముసిముసిగా నవ్వుకున్నాడు.

గుమ్మంలోంచి బఠాణీలమ్మే పైడితల్లమ్మ అరిచింది. "ఏటే రత్నం, ఒంట్లో బాగోలేదేటి? నువ్వోడిపోతే మనమెక్కడాడుకుంతామే?"

నూకరత్నం నన్ను కొంగుతో తుడిచింది. ఈసారి తగిలింది నాకు తెలిసిన వేలే. ఇక చూడాలి నా పరుగు! రెండో గేమ్ మాదే. మూడోదాంట్లో రెడ్ పడింది, వెంటనే దాన్ని నిలబెట్టే కవరూ పడింది. గెలిచాం!

సన్యాసినాయుడు కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "దగా! ఓడిపోతానని నాకు మాటిచ్చి గెలిచేస్తాదా?"

హాలు నవ్వులతో దద్దరిల్లింది. పాపం, ఎవరూ అడక్కుండానే గుట్టంతా చెప్పేసుకున్నాడు.

ముందు వరసలో గవరయ్య మాస్టారు కళ్లు తుడుచుకుంటూ లేచారు. "నాయుడూ, దీన్నే ఇంగ్లీషులో డబుల్ క్రాస్ అంటారయ్యా. ఇప్పుడు ఏ ద్రోహానికైనా వాడేస్తున్నారు గానీ, ఆ మాట పుట్టింది పందేల ఆటల్లో. ముందే బేరం కుదుర్చుకుని ఓడిపోతే క్రాస్. బేరానికి ఒప్పుకుని, తీరా దిగాక గెలిచేస్తే డబుల్ క్రాస్. మొదటిది నీది. రెండోదే మా అమ్మాయిది!"

ఇప్పుడు నా అంచు చిట్లింది, ఆటకి పనికిరాను. చెత్తబుట్టే గతి అనుకున్నాను. నూకరత్నం మాత్రం నాకు చిన్న బెజ్జం వేయించి, ఆ తాళంచెవికే కట్టుకుంది. రోజూ సాయంత్రం ఐదింటికి గది తలుపు తీసేది మేమే.