మోకాలి లోతు నీళ్ళు

తప్పు నాదే. గొడుగు గాలికి ఎగిరిపోతుంటే, "అలా నిలబడి చూస్తారేంటి, కొత్తది" అని అరిచింది నేనే. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు గానీ నా మనసుకు తెలుసు కదా.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. డిపోలో అందరూ ఆయన్ని ఇంజనీరు గారూ అంటారు, వెక్కిరింతకే. ఆయన మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. ఆ ఉదయం సముద్రం పక్కన చిత్తడి నేల చూడటానికి వెళితే, అక్కడి సందర్శకుల కేంద్రంలో టికెట్లిచ్చే అమ్మాయి, "పన్నెండున్నరకి పోటు మొదలవుతుంది సార్, చెక్కల బాట దిగి బురదలోకి వెళ్ళకండి" అని చెబుతుంటే, "సముద్రం సంగతి నాకు చెబుతున్నావా తల్లీ" అని నవ్వాడు. ఆయన సముద్రాన్ని చూడటం అది రెండోసారి.

చెక్కల బాట చివరికి చేరేసరికి పన్నెండు దాటింది. నీళ్ళు ఎక్కడికో వెనక్కి పోయి, కంటికి ఆనినంత మేరా బురదే. గొడుగు దాని మీద దొర్లుకుంటూ పోయింది. ఆయన ప్యాంటు మడిచి బాట అంచున ఉన్న కమ్మీ దాటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నాను అప్పుడు. ముందు ఉసిగొల్పి తర్వాత సామెతలు చెప్పడం నాకు అలవాటే. "పైన గట్టిగానే ఉందిలే" అంటూ నడిచాడు. ఆయన దగ్గరికి వెళ్ళగానే గొడుగు మళ్ళీ కదిలేది. అలా ఎండిపోయిన ఒక కాలువ కూడా దాటేశాడు. అవతల దాన్ని పట్టుకుని, పైకెత్తి నాకు చూపించాడు. వెనక్కి తిరగబోతే ఒక కాలు మోకాలి దాకా దిగబడింది. దాన్ని లాక్కోబోతే రెండోది. కాసేపు పెనుగులాడి, ఎవరినైనా పిలుచుకు రమ్మని చేత్తో సైగ చేశాడు.

పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో ఎలా పరిగెత్తానో నాకే తెలియదు.

కేంద్రంలో ఆ అమ్మాయి నా మాట పూర్తి కాకముందే వాకీటాకీ అందుకుంది. ఇద్దరు గార్డులు పలకలు, తాడు పట్టుకుని పరుగు తీశారు. నేనూ వెళతానంటే ఒప్పుకోలేదు. పావుగంటకి కబురొచ్చింది. కాలువ అప్పుడే నిండిపోయిందట, అడ్డంగా నడవలేమన్నారు. తాడు విసిరితే సగం దూరం కూడా పోలేదు. ఇక పడవే గతి.

"పడవ ఉందిగా మరి" అన్నాను.

"ఉందమ్మా. వెనక రేవులో బురద మీద కూర్చుని ఉంది. మోకాలి లోతు నీళ్ళొస్తే గానీ కదలదు."

"ఎంతసేపు పడుతుంది?"

"ముప్పావుగంట."

"అప్పటికి ఆయన దగ్గర ఎంత లోతుంటుంది?"

ఆ అమ్మాయి గోడ గడియారం వైపు చూసింది. "అక్కడ కొంచెం పల్లమమ్మా" అంది. "ఊళ్ళో అగ్నిమాపక వాళ్ళకి కూడా ఫోన్ చేశాం. వాళ్ళు రావడానికి గంట పైనే పడుతుంది."

నీళ్ళు రావాలని కోరుకోవాలా, రాకూడదని కోరుకోవాలా? రాకపోతే పడవ కదలదు. వస్తే మనిషి మునుగుతాడు. దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియని కష్టం పగవాళ్ళకి కూడా వద్దు.

హాలు మధ్యలో మంచమంత బల్ల మీద ఆ చిత్తడి నేలంతా బొమ్మ చేసి పెట్టారు. దానికో బటన్. నొక్కితే నీలం దీపాలు వరసగా వెలుగుతూ కాలువలన్నీ నింపి, తర్వాత బురదంతా కప్పేస్తాయి. ఆరు గంటల పోటు ఒక్క నిమిషంలో. బడిపిల్లలు చుట్టూ మూగి మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారు. ప్రతిసారీ ఆయన నిలబడ్డ చోటు నీలమైపోయేది. "ఇక ఆపుతారా లేదా" అని గదిమాను. పిల్లలు బిక్కచచ్చిపోయారు. టీచరమ్మ నన్నొకసారి చూసి, వాళ్ళని బయటికి తీసుకుపోయింది.

అద్దాల గోడ దగ్గర పక్షుల్ని చూడటానికి పెట్టిన టెలిస్కోపు ఉంది. నేను దర్జీపని చేస్తాను, సూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళజోడు కావాలి. అందులోంచి మాత్రం ఆయన నా మిషను పక్కన నిలబడ్డంత దగ్గరగా కనిపించాడు. చొక్కా రెండో గుండీ ఊడి ఉండటం కూడా కనిపించింది. ఇంటింటి చొక్కాలకీ గుండీలు కుడతాను, ఇది నా కంటపడలేదు.

మొదట గొడుగు బురదలో గుచ్చి, దాని మీద బరువు వేసి చూశాడు. ఏదో లెక్క కట్టుకుంటున్నట్టు తల ఊపాడు. నీళ్ళు అలలా రాలేదు. సిమెంటు గచ్చు మీద బకెట్టు ఒలికినట్టు పల్చగా, చప్పుడు లేకుండా వచ్చాయి. ఆయన వాటిని చూశాడు, గట్టు మీది గార్డుల్ని చూశాడు, నోరు తెరిచి అరిచాడు. నాకు నోరే కనిపించింది. నడుము దాకా వచ్చేసరికి ఏడవడం మొదలుపెట్టాడు.

ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా నేను చూడలేదు. మా అత్తగారు పోయిన రోజు కూడా, ఆసుపత్రి లిఫ్టు ఎందుకు ఆగిపోతోందో వార్డుబాయ్‌కి వివరిస్తూ కూర్చున్నాడు. అలాంటి మనిషి, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా, చంటిపిల్లాడిలా ఏడ్చాడు. రెండు చేతులూ జోడించాడు. అమ్మా, అమ్మా అంటున్నాడు. ఆ మాట పెదాల మీద ఎవరైనా చదవగలరు.

చూపు తిప్పుకుందామనుకున్నాను. తిప్పుకుంటే ఆ క్షణంలోనే మునిగిపోతాడేమోనని భయమేసింది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు, కూర్చోలేదు.

వెనక రేవులో ఇంజను చప్పుడు వినిపించేసరికి నీళ్ళు ఆయన చంకల దాకా వచ్చాయి. పడవ వెళ్ళి ఆయనకు అడ్డంగా నిలబడింది. ఇద్దరు మనుషుల వంగిన వీపులు తప్ప నాకేమీ కనిపించలేదు. ఎంతసేపు అలా వంగే ఉన్నారో. అప్పుడు వాళ్ళ మధ్య నుంచి నల్లగా, బురద ముద్దలా ఆయన పైకి వచ్చాడు. నేను నేల మీద చతికిలబడ్డాను.

ప్రథమ చికిత్స గదిలో దుప్పట్లు కప్పి పడుకోబెట్టారు. పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్ళు టకటకమంటున్నాయి. ప్రాణభయం లేదని నర్సు చెప్పింది. నన్ను చూడగానే గొంతు సవరించుకున్నాడు.

"ఏం భయపడలేదు నేను. పడవ వస్తుందని తెలుసుగా. పాటలు పాడుకుంటూ నిలబడ్డా."

ఇంకో రోజైతే ఆ కోతలకు ఊరుకునేదాన్ని కాదు. "మీకేం, ఇంజనీరు గారు" అన్నాను.

నా వైపు చూడకుండా అడిగాడు. "ఇక్కణ్ణించి కనిపిస్తుందా అక్కడికి?"

"అంత దూరం ఎవరికి కనిపిస్తుంది? నేను ఆ మూల కూర్చుని మిమ్మల్ని తిట్టుకుంటున్నా."

ఆయన ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. ఆ రోజంతటిలో ఆయన కోసం నా చేతనైన పని అదొక్కటే.

టికెట్ల అమ్మాయి రెండు కప్పుల టీ పట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. మంచి పిల్ల. కప్పు ఆయన చేతికిస్తూ, "అమ్మగారు మిమ్మల్ని ఒక్క నిమిషం కూడా వదల్లేదు సార్" అంది. "మొదటి నుంచీ ఆ టెలిస్కోపులోంచి చూస్తూనే ఉన్నారు."

ఆయన కప్పు పక్కన పెట్టాడు. నన్ను చూడలేదు. దుప్పటి మెల్లగా మొహం మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.