నిమ్మరసం ఇచ్చే గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో అయినా నాకు పేరు పెట్టింది పాత్రల కొట్టు ముసలాయన. నా నడుం మీద చుక్కలు చుక్కలుగా ‘విశ్వవిద్యాలయ అతిధి గృహం’ అని చెక్కాడు. ‘థి’ పడాల్సిన చోట ‘ధి’ పడింది. తెలుగు శాఖ ఆచార్యులొకరు నాతో మజ్జిగ తాగుతూ అది చూశారు, ఆయనకు పొలమారింది. ఆయన ఫిర్యాదుతో నన్ను పెద్దల బల్ల మీంచి తప్పించి, నిరాహార దీక్షలకు కేటాయించారు.

పని తేలికే. విద్యార్థులు శిబిరంలో కూర్చుంటారు. నాలుగో రోజుకి వీసీ గారు వస్తారు. వంట మాణిక్యం నాలో నిమ్మరసం పోస్తాడు. వీసీ గారు ‘పరిశీలిస్తాం’ అని నన్ను అందిస్తారు. ఫొటో, చప్పట్లు. దీక్షలైతే చాలా ముగించాను గానీ, ఒక్క సమస్య ముగియడం చూడలేదు.

నాతో తాగినవాళ్లలో నాకు బాగా నచ్చినవాడు గేదెల పైడిరాజు, విద్యార్థి సంఘం అధ్యక్షుడు. లైబ్రరీ సాయంత్రం ఆరింటికే మూసేస్తున్నారని, రాత్రి పది దాకా తెరవాలని నాలుగు రోజులు కడుపు మాడ్చుకున్నాడు. ‘పరిశీలిస్తాం’ అనగానే కళ్లు తుడుచుకుని గటగటా తాగేశాడు. నమ్మాడు, పాపం.

తర్వాత అతని కథంతా మాణిక్యం మా అల్మరాలో పరిచే పాత పేపర్లలో చదివాను. ముందు యువజన నాయకుడు, ఆపైన పార్టీ ప్రతినిధి. గడ్డం పోయి కండువా వచ్చింది, కండువా పోయి కోటు వచ్చింది. చివరికి ప్రభుత్వ ఉన్నత విద్యా సలహాదారు! లైబ్రరీ మాత్రం ఆరింటికే మూస్తున్నారు.

మొన్న అదే కోరికతో రోహిణి అనే ఎమ్మెస్సీ అమ్మాయి దీక్షకు కూర్చుంది. హాస్టల్ గదిలో ఆరుగురట, పుస్తకం తెరిచే చోటు లేదు. నాలుగో రోజుకి గొంతు నీరసించిపోయింది. వీసీ గారు తెలివిగా పైడిరాజు గారినే రప్పించి నన్ను ఆయన చేతిలో పెట్టారు.

“తాగు తల్లీ. పరిశీలిస్తాం,” అన్నారాయన. నాకు ఒళ్లు మండింది.

“కాగితం మీద సంతకం పెట్టండి సార్, తాగుతాను.”

“నేను సలహాదారుణ్ణమ్మా. సంతకం వీసీ గారిది. నాది సలహా మాత్రమే.”

“మరి అదే ఇయ్యండి సార్. మీరూ దీని కోసమే కూకున్నారంట కదా. ఇప్పుడు నన్ను తాగమంటారా, వద్దంటారా?”

కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి. పక్కన వీసీ గారు ఫొటో కోసం పెట్టిన నవ్వు అలాగే ఉంచి నిలబడ్డారు. నోరు జారితే కోటు పోతుందని పైడిరాజు గారికి తెలుసు. ఆయన చేతిలో ఉన్న నాకూ భయం వేసింది.

“వద్దమ్మా,” అన్నారు మెల్లగా. “సంతకం పడ్డాకే తాగు.”

అని నన్ను వీసీ గారికి ఇచ్చేసి, ఆ అమ్మాయి పక్కన చాప మీద కూర్చున్నారు. ఇంతవరకూ నన్ను అందించడమే గానీ తిరిగి అందుకోవడం ఏ వీసీకీ అలవాటు లేదు. ఎవరూ చెయ్యి చాచలేదు. వీసీ గారు కాసేపు నన్ను పట్టుకుని అటూ ఇటూ చూసి, చివరికి కింద పెట్టేసి, జేబులో పెన్ను కోసం తడుముకున్నారు.