వెళ్ళడం అనే క్రియ

ఖతార్‌లో ఫెబి రోజూ పొద్దున్నే అల్ వుకైర్‌లోని ఇంటి దగ్గర భర్త వెస్లీని రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు బస్సెక్కించి, తను అల్ హిలాల్‌లోని అనువాదాల ఆఫీసుకి వెళ్ళేది. ఉక్రెయిన్‌లో డాక్టరు చదువు యుద్ధంతో ఆగిపోయింది గానీ, అక్కడి భాష మిగిలింది. ఇప్పుడు అదే అన్నం పెడుతోంది. ఫెబి ఇంగ్లీషులోకి మార్చిన మాట అప్పటికప్పుడు నిజమయ్యేది. ఆఫీసులో అందరికీ అది అలవాటే.

ఆరోజు పిల్లల పాఠ్యపుస్తకం కోసం ఒకే క్రియ వచ్చింది: 'ఇతి', అంటే వెళ్ళడం. ఆ భాషలో ఏదీ కుదురుగా ఉండదు కాబోలు. వాన కురిస్తే వాన వెళ్తోందంటారు, బట్టలు నప్పితే నీకు వెళ్తున్నాయంటారు. వాన లైను టైపు చేయగానే సీలింగు కింద చినుకులు పడ్డాయి. టీ ఇచ్చే స్వర్ణ కంప్యూటర్ల మీద కవర్లు కప్పింది. తర్వాతి లైనుకి స్వర్ణ వదులు యూనిఫాం ఒంటికి సరిపోయింది.

"మంచిగైంది మేడం, కుట్టిచ్చుకునే పని తప్పింది," అంది స్వర్ణ.

చివరి లైను దగ్గర ఫెబి ఆగిపోయింది. 'అతను జీవితం నుంచి వెళ్ళాడు.' చనిపోయాడనడానికి వాళ్ళ మర్యాద మాట. అప్పుడే వెస్లీ ఫోన్ చేశాడు.

"డ్యూటీ అయిపోయింది. బస్సెక్కాను, వెళ్తున్నా మరి."

"వెళ్తున్నా అనకండి. వెళ్ళొస్తా అనండి."

"వచ్చేది ఇంటికే కదే," అని నవ్వి పెట్టేశాడు.

ఇక 'అతను' అన్నచోట ఆమెకి వెస్లీ తప్ప ఎవరూ కనబడలేదు. భయమేసింది. "సార్, ఈ లైను వదిలేద్దాం," అంది.

మేనేజరు ఇస్హాక్ హైదరాబాదీ. "వదిలేస్తే ఊకుంటదా అమ్మా? పోయినసారి మంటల లైను వదిలేస్తివి. దానంతటదే నిజమై కిచెన్ కాలె."

ఫెబి వాళ్ళ గోదావరి వైపు ఎవరినీ ఉత్తి 'వెళ్తా'తో గడప దాటనివ్వరు, వెనక రావడం తగిలించి పంపిస్తారు. ఫెబి అదే చేసింది. 'అతను జీవితం నుంచి వెళ్ళాడు, తిరిగొచ్చాడు' అని రాసి ఇల్లు చేరింది.

కాసేపటికి వెస్లీ కంపెనీవాళ్ళ ఫోన్. బస్సు బోల్తా పడింది, ఒక్కరూ మిగల్లేదు. వింటుండగానే తలుపు చప్పుడైంది. వెస్లీ, ఒళ్ళంతా ఇసుక.

"నడిచొచ్చేశాను. అన్నం పెట్టు, ఆకలేస్తోంది."

అతని చెయ్యి ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. అయినా మనిషి వచ్చాడు, అంతే చాలనుకుంది ఫెబి. పప్పన్నం కలిపి ఇస్తుంటే ఇస్హాక్ మెసేజ్ వచ్చింది.

"చివర్ల 'తిరిగొచ్చాడు' ఎక్కువ పడ్డదమ్మా. తీసేసి పుస్తకం పార్టీకి పంపిన."

ఫెబి తలెత్తింది. కలిపిన అన్నం కంచంలో అలాగే ఉంది. కుర్చీలో ఎవరూ లేరు.