గదిలో కుదిరిన మోత

ఆకుపచ్చ డబ్బాను వెనక్కి జరిపి వెండిరంగు డబ్బాను ముందు పెట్టాడు. వైర్లు గుచ్చాడు. హెడ్‌ఫోన్లు సర్దుకుని, అడుగుస్వరాలు పలికే బేసు గిటార్ లావు తీగను వేలితో ఒకసారి లాగి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి పెదవి విరిచి, మళ్ళీ వైర్లన్నీ పీకాడు.

ముందుగదిలో చాప మీద కూర్చుని తెల్లారినప్పటి నుంచి ఆయనకి ఇదే పని. ఎదురుగా ఒక చెక్కపలక, దాని మీద సబ్బుపెట్టెలంత ఇనప డబ్బాలు నాలుగు. రెండు ప్రీయాంపులు, రెండు ఓవర్‌డ్రైవులు. గిటార్ మోత ముందు ప్రీయాంపులోకి వెళుతుంది. అడుగు మోత ఎంత, మధ్య మోత ఎంత, పై మోత ఎంత అన్నది అక్కడ నాబ్‌లు తిప్పి తేల్చుకోవాలి. తర్వాత ఓవర్‌డ్రైవులోకి పోతుంది. అది నున్నటి మోతకి కాస్త బొంగురు పూస్తుంది. ఏది ముందుండాలి, ఏది వెనకుండాలి, ఏ నాబ్ ఎంత తిరగాలి అన్న విచారంలోనే ఆయన వయసంతా గడిచింది. అందులో సగం కాలం వాయించడం నేర్చుకోవడానికి పెట్టి ఉంటే ఎలా ఉండేదో తెలియదు. పెట్టలేదు.

మనిషి పొట్టి. పొట్ట మాత్రం పొట్టి కాదు. గిటార్ దాని మీద వాలుగా ఆని, ఎప్పుడూ జారిపోబోతున్నట్టు ఉంటుంది. చెవి పక్కన మిగిలిన జుట్టును పొడుగ్గా పెంచి నడినెత్తి మీదుగా దువ్వుతాడు. శ్రద్ధగా వింటున్నప్పుడు నోరు తెరుచుకుని కింది పళ్ళు కనిపిస్తాయి. ఆ ముఖాన్ని కళాకారుడి ముఖమని ఆయనే అనుకున్నాడు. ఇంకెవరూ అనలేదు.

గుమ్మం పక్కన భార్య కుట్టుమిషన్ తొక్కుతోంది. బడిపిల్లల యూనిఫారాలు గుట్టగా పడున్నాయి. ఇల్లు నడిచేది ఆ మిషన్ మీదే.

"అయిందా, మీ డబ్బాలతో కాపురం?" అంది సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఇవాళ నన్ను మాట్లాడించకు. ఇవాళ చాలా ముఖ్యం."

"ఏ రోజు కాదు గనక!"

నిజానికి ఆ రోజు ముఖ్యమే. ముందురోజు సాయంత్రం ఆవిడ తమ్ముడు వచ్చి చెప్పి వెళ్ళాడు. ఈయన బేసు వాయించే హోటల్ బ్యాండులోనే అతను డ్రమ్ములు వాయిస్తాడు. బావకి ఆ బ్యాండులో చోటు ఇప్పించింది కూడా అతనే. అందుకు అప్పటి నుంచీ అందరి చేతా మాటలు పడుతున్నదీ అతనే.

"బావా, హోటల్ మేనేజరు అడిగాడట, ఆ చివర నిలబడే ఆయన ఏం చేస్తాడని. పాటలాయనకి తల కొట్టేసినట్టయింది. రేపు మధ్యాహ్నం కూడా నువ్వు వినబడకపోతే కీబోర్డు పిల్ల ఎడమచెయ్యి చాలంటున్నాడు. ఆ పిల్ల ఆ చేత్తో బేసు వాయించేస్తుంది."

బుద్ధున్నవాడైతే ఆ మాట విన్నాక పాటలు ముందేసుకుని కూర్చునేవాడు. ఈయన అటక మీది డబ్బాలు దించాడు. ఆయనకి తప్పు కనబడని చోటు ఒక్కటే, తన వేళ్ళు. మిగిలిన లోకమంతా చెవిటిది. గిటార్ వాయించేవాడు గోకుడుగాడు. బావమరిది గరిటెలవాడు. హోటల్లో భోంచేస్తూ వినేవాళ్ళు ముద్దలు మింగేవాళ్ళు. చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదడం తన ఖర్మ అనుకునేవాడు. ఊదేది శంఖమేనని మాత్రం ఆయనకి గట్టి నమ్మకం.

పాత నల్ల ప్రీయాంపు పెట్టి చూశాడు. ముక్కుతో మాట్లాడినట్టుంది. ఛీ అని పక్కన పడేశాడు. వెండిరంగు దాన్ని పెట్టి అడుగు మోత బాగా పెంచాడు, పైది పెంచాడు, మధ్యది పూర్తిగా తగ్గించేశాడు. దాని వెనక ఆకుపచ్చ ఓవర్‌డ్రైవు. వేలు కదిపాడు. నేల కింద ఎక్కడో ఉరిమినట్టు, ఆ ఉరుము మీద గాజుపెంకులు రాలినట్టు మోగింది. ఒంటి మీద వెంట్రుకలు లేచాయి.

"ఒక్కసారి విను! ఇదీ టోన్ అంటే," అని హెడ్‌ఫోన్లు తెచ్చి భార్య తలకి తగిలించాడు. ఆవిడ నోట్లో దారం ముక్క పట్టుకునే విన్నది. ఆయన ఆమె ముఖంలోకి చూస్తూ తీగ లాగాడు.

"బానే ఉంది. పక్కింటివాళ్ళు నీళ్ళ మోటారు వేసినట్టుంది."

ఆయన హెడ్‌ఫోన్లు లాక్కున్నాడు.

పొద్దెక్కాక బావమరిది వ్యాను తెచ్చాడు. గుమ్మంలోనే ఆగి పలక వంక చూశాడు. నాబ్‌లు ఎటు తిరిగి ఉన్నాయో చూడగానే అతని ముఖం వాడిపోయింది.

"బావా, ఆ నల్లది పెట్టు. ఇది ఒక్కడివే గదిలో కూర్చుంటే బాగుంటుంది. అక్కడ అడుగు మోతంతా నా డ్రమ్ము తినేస్తుంది, పై మోతంతా గిటార్ తినేస్తుంది. నీకు మిగిలేది మధ్యదే. దాన్నే నువ్వు చంపేశావు."

"గరిటెలు కొట్టుకునేవాడివి, టోన్ సంగతి నీకేం తెలుసురా?"

"పోనీ, అది కూడా సంచిలో వేసుకో. నీకు బరువైతే నేను మోస్తాను."

"అక్కర్లేదు."

"వదిలెయ్యరా తమ్ముడూ," అంది మిషన్ దగ్గర నుంచి ఆవిడ. "ఆడలేక మద్దెల ఓడంటారు ఎవరైనా. మీ బావకి నాలుగు మద్దెలలు. నాలుగూ ఓడే!"

తమ్ముడికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వెళ్ళి వ్యాను తలుపు తీశాడు.

హోటల్లో భోజనాల హాలు చివర జానెడెత్తు వేదిక. కింద గిన్నెల చప్పుడు, కుర్చీలు లాగుతున్న చప్పుడు. పాటలాయన అద్దంలో చూసుకున్నంత ఇష్టంగా అందరినీ చూసి, ఈయన దగ్గరికి వచ్చాడు. బ్యాండు అతనిదే.

"మాస్టారూ, ఇవాళ మీరు వినబడాలి."

"వినడం వచ్చినవాళ్ళకి వినబడుతుంది."

"వినేది ఆ భోంచేసేవాళ్ళు మాస్టారూ. వాళ్ళకి ఎలా ఉంటే మనకి అలాగే ఉండాలి."

మొదటి పాట మొదలైంది. గదిలో ఉరిమిన ఉరుము ఇక్కడ ఉప్పులా కరిగిపోయింది. ఆయన తన స్పీకరుకి దగ్గరగా వెనక్కి జరిగాడు. పిక్కలకి అదురు తగులుతోంది, చెవికి స్వరం అందడం లేదు. అడుగు మోత ఇంకా పెంచాడు. దగ్గరి బల్ల మీద గ్లాసులు గలగలమన్నాయి. ఒకావిడ తన గ్లాసు పట్టుకుని ఆయన వంక చిరాకుగా చూసింది.

రెండో పాట మధ్యలో పాటలాయన జనం వైపు నవ్వుతూనే, వీపు వెనక ఎడమచేతి వేళ్ళు రెండుసార్లు ఆడించాడు. కీబోర్డు పిల్ల తలూపింది. ఈయన చూడలేదు. వంగి, ఆకుపచ్చ డబ్బా మీద నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పుతున్నాడు.

సరిగ్గా అప్పుడే బేసు లేచింది.

గుండ్రంగా, గట్టిగా, ఒక్కొక్క స్వరం తలుపు మీద తట్టినట్టు హాలంతా వినబడింది. బల్లల దగ్గర తలలు ఊగాయి. ఇందాకటి ఆవిడ గ్లాసు వదిలేసి చెంచాతో తాళం వేస్తోంది. ఆయన చటుక్కున నిటారుగా నిలబడ్డాడు. దొరికింది! ఎన్నేళ్ళు, ఎన్ని డబ్బాలు, ఎందరి వెక్కిరింపులు! వెంట్రుకవాసిలో దాక్కుని ఉందన్నమాట. ఆయన వేళ్ళు మామూలుగానే తడబడ్డాయి. ఎప్పుడూ తప్పే మలుపు దగ్గర ఈసారీ తప్పాయి. మోత మాత్రం తప్పలేదు. ఆ సంగతి ఆయనకి అనుమానం కలిగించలేదు. మనిషి తనను తాను మెచ్చుకునేటప్పుడు పక్కకి చూడడు.

చూశావా అన్నట్టు బావమరిది వైపు తల ఎగరేశాడు. అతను తలవంచుకుని వాయిస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడులే అనుకుని, పెద్దమనసుతో క్షమించేశాడు కూడా.

మూడో పాటలో కంట్లోకి చెమట దిగింది. తుడుచుకోవడానికి కుడిచెయ్యి ఎత్తాడు.

బేసు ఆగలేదు.

ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చేతిని చూసుకున్నాడు. తీగల్ని చూశాడు. ఒక్కటీ కదలడం లేదు. బేసు మాత్రం నింపాదిగా నడుస్తోంది, మలుపు దగ్గర చక్కగా తిరుగుతోంది. నెమ్మదిగా మెడ తిప్పాడు. కీబోర్డు పిల్ల కుడిచేత్తో ఫోను చూసుకుంటోంది. ఎడమచెయ్యి దాని పని అది చేసుకుంటోంది. ఆ పిల్ల దాని వంకైనా చూడడం లేదు.

ఆయన మరోసారి తీగల మీద వేళ్ళు పెట్టలేదు. కాలితో డబ్బాలు ఒక్కొక్కటే నొక్కాడు. వాటి మీది చిన్న దీపాలు ఆరిపోయాయి. వైరు ఊడదీశాడు. పాటలో ఏ తేడా రాలేదు. ఎవరూ తల తిప్పలేదు.

వేదిక అంచున పెద్ద స్పీకరు ఉంది. బ్యాండు కోటు విప్పి దాని మీద వేశాడు. పలక చంకలో పెట్టుకుని, గిటార్ వీపున తగిలించుకుని, డ్రమ్ముల వెనక నుంచి నడిచాడు.

"బావా," అన్నాడు బావమరిది చేతులు ఆపకుండానే. "పాట అయ్యేదాకా ఉండు. బాగోదు."

"టోన్ బాగా కుదిరింది. ఎవర్నీ ఏదీ తిప్పొద్దని చెప్పు."

వంటింటి తలుపు దగ్గర ప్లేట్లు మోసుకొస్తున్న వడ్డించేవాడు దారి ఇస్తూ, చంకలోని వైర్లు చూసి, "కరెంటు పని అయిపోయిందా?" అని అడిగాడు.

"అయిపోయింది."

తలుపు రెండుసార్లు ఊగి మూసుకుంది. వేదిక మీద నాలుగో పాట ఎత్తుకున్నారు. బావమరిది ఒక్కసారి ఆ తలుపు వైపు చూసి, మళ్ళీ తాళంలో పడ్డాడు. స్పీకరు మీద ముదురు ఎరుపు కోటు, పొట్ట దగ్గర సాగిన ముడతలు అలాగే ఉన్నాయి. ఎడమచేతి బేసు మోగినప్పుడల్లా దాని ఇత్తడి గుండీలు సన్నగా అదురుతున్నాయి.